మే 23: డిఫెనెస్ట్రేషన్ అనే పదం, ఆ తేదీ చుట్టూ ఉన్న కథలు

అక్షరపిచ్చి

ఈసారి పదం డిఫెనెస్ట్రేషన్. పలకడానికి నోరు తిరగదు గానీ అర్థం చాలా తేలిక. మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయడం. లాటిన్‌లో ఫెనెస్ట్రా అంటే కిటికీ, దాని ముందున్న డి అంటే "లోంచి, బయటికి". కిటికీలోంచి తోసేయడానికి ప్రత్యేకంగా ఒక పదం ఎందుకు కావాల్సొచ్చిందంటే దానికి కారణం ఒక తేదీ. 1618 మే 23, బుధవారం, ప్రాగ్ కోటలో ఇద్దరు రాజప్రతినిధుల్ని, వాళ్ల కార్యదర్శిని పై అంతస్తు కిటికీలోంచి కిందికి విసిరేశారు. దాని తర్వాత మధ్య యూరప్‌లో ముప్పై ఏళ్లు యుద్ధం నడిచింది. ఈ సంఘటన వల్లే ఆ పదం యూరప్‌లో చాలా భాషల్లో స్థిరపడిపోయింది.

నాకు మూడు విషయాలు మాట్లాడాలనుంది. అసలు ఆ రోజు గదిలో ఏం జరిగింది, దీనికి తెలుగులో ఏమనొచ్చు, మే 23న ఇంకా ఏమేం జరిగాయి. తెలిసినవాళ్లు విడివిడిగా కాకుండా వివరంగా రాయండి, తేదీల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి.

చరిత్రచదువరి

మంచి పదం తీశారు. గదిలోకి వెళ్లేముందు ఒక తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి, లేకపోతే ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు.

బొహీమియా అంటే ఇప్పటి చెక్ దేశంలో పెద్ద భాగం. అక్కడ జనంలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, పైన ఉన్న హాబ్స్‌బర్గ్ రాజులు కేథలిక్కులు. 1609లో చక్రవర్తి రెండో రుడాల్ఫ్ అక్కడి ప్రభువుల ఒత్తిడి తట్టుకోలేక ఒక పత్రం రాసిచ్చాడు, మీ మతం మీరు పాటించుకోవచ్చు అని. దాన్ని రాజశాసన లేఖ అనేవాళ్లు. బొహీమియా ప్రొటెస్టెంట్లకి ఆ కాగితమే ప్రాణం. తర్వాత మత్తియాస్ వచ్చాడు, ఆయనకి పిల్లల్లేరు, అందుకని 1617లో ఫెర్డినాండ్‌ని కాబోయే రాజుగా ఒప్పించారు. ఈ ఫెర్డినాండ్ తన సొంత ప్రాంతం స్టిరియాలో ప్రొటెస్టెంట్లని ఉండనివ్వని మనిషి. ఇక్కడ ఏం చేస్తాడో అందరికీ అర్థమైపోయింది.

తగవు ముదిరింది మాత్రం రెండు చర్చిల దగ్గర. బ్రౌమోవ్‌లో ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చి మూయించేశారు, హ్రోబ్‌లో కట్టింది ఏకంగా కూలగొట్టించారు. అవి చర్చి అధికారుల భూములు, వాటిమీద కట్టే హక్కు మీకు లేదన్నది ఒక వాదన. 1609 పత్రం ప్రకారం ఉందన్నది ఇంకో వాదన. ప్రొటెస్టెంటు ప్రభువులు సభ పెట్టి చక్రవర్తికి ఫిర్యాదు చేస్తే, ఆ సభలే పెట్టొద్దని బెదిరిస్తూ జవాబు వచ్చింది.

ఇక మే 23 ఉదయం. కౌంట్ తూర్న్ నాయకత్వంలో ప్రభువులు ఆయుధాలతో ప్రాగ్ కోటలో ఉన్న బొహీమియా కచేరీ గదిలోకి వెళ్లారు. అది పెద్ద హాలు కాదు, అంతమంది తోసుకుంటూ వెళ్తే ఊపిరాడనంత గది. లోపల నలుగురు ప్రతినిధులున్నారు. అడిగిన ప్రశ్న ఒక్కటే, ఆ బెదిరింపు ఉత్తరం రాయించింది మీరేనా? ఇద్దరిమీద వీళ్లకి అనుమానం లేదు, స్టెర్న్‌బెర్గ్‌ని, లోబ్కోవిట్స్ వంశపు పెద్దాయన్ని పక్క గదిలోకి పంపేశారు. అలా ఎంచి మరీ పక్కన పెట్టారంటేనే ఇది ఆవేశంలో అయిపోయింది కాదని నాకు అనిపిస్తుంది. ముందే అనుకుని వచ్చారు. మిగిలింది స్లావాటా, మార్టినిట్స్. ఈ ఇద్దరూ గట్టి కేథలిక్కులు, 1609 పత్రాన్ని మొదట్నుంచీ వ్యతిరేకించినవాళ్లు.

ముందు మార్టినిట్స్‌ని విసిరారు. ఆయన చివరి నిమిషంలో పాపనివేదనకి ఒక ఫాదర్‌ని పిలవమని అడిగాడంటారు, ఎవరూ వినలేదు. తర్వాత స్లావాటా. ఆయన కిటికీ అంచు పట్టుకుని వేలాడాడు, కత్తి పిడితో వేళ్లమీద కొట్టి వదిలించారు. ఆ తర్వాత కార్యదర్శి ఫిలిప్ ఫాబ్రిసియస్. ఆయన చేసిన నేరం ఆ గదిలో ఉండటం.

ముగ్గురూ బతికారు.

వర్షిణి

అదే నాకు అర్థం కావట్లేదండి. కోట కిటికీ అంటే ఎంత ఎత్తు? చదివినచోటల్లా ఒకటే రాస్తారు, కింద పేడకుప్ప ఉంది అందుకే బతికారు అని. ఇంకోచోట మరియ తల్లి అంగీ పరిచి పట్టుకుంది అని. ఈ రెండిట్లో ఏది నిజం?

లెక్కల మాస్టారు

ఎత్తు సంగతి నేను చెప్తాను. సాధారణంగా చెప్పే అంకె 70 అడుగులు, అంటే సుమారు 21 మీటర్లు. ఏ అడ్డూ లేకుండా పడితే నేల తాకడానికి రెండు సెకన్లకి కాస్త ఎక్కువ పడుతుంది, తాకేటప్పుడు వేగం గంటకి 73 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ వేగంతో గట్టి నేలమీద పడితే ఒకళ్లు బతకడమే అరుదు, వరసగా ముగ్గురు బతికారంటే కింద పడిన విధానంలోనే ఏదో ఉంది.

రెండు కారణాలు నమ్మదగ్గవి. ఒకటి, ఆ కోట గోడ పైనుంచి కిందికి నిటారుగా ఉండదు, కిందికి వచ్చేకొద్దీ ముందుకు వాలుగా ఉంటుంది. గోడని రాసుకుంటూ జారితే వేగం చాలా తగ్గుతుంది. రెండు, ఆనాటి పెద్దమనుషుల బట్టలు. బరువైన అంగీలు, పైన దుప్పటంత పై వస్త్రం. గోడకి రాపిడి తగిలేదీ దెబ్బ తగ్గేదీ వాటివల్లే. పైగా కిటికీ చిన్నది, మనిషిని ఊపి దూరంగా విసిరే వీలు లేదు, కాబట్టి గోడకి దగ్గరగానే పడి ఉంటారు. కింద మెత్తటి చెత్త ఉంటే అదీ సాయపడి ఉండొచ్చు గానీ, పేడకుప్ప లేకపోయినా ఈ లెక్క నిలబడుతుంది.

చరిత్రచదువరి

మాస్టారు చెప్పింది సరిగ్గా ఉంది. పేడకుప్ప కథ తర్వాత బలపడింది. ఆ రెండు కథలూ రెండు పక్షాలవి, అది గమనిస్తే చాలు వర్షిణి గారూ. కేథలిక్కులు దేవదూతలు పట్టుకున్నారన్నారు, ప్రొటెస్టెంట్లు పేడలో పడ్డారన్నారు. దేవుడు మా పక్షాన ఉన్నాడని ఒకళ్లు చెప్పుకోవాలి, కాదని ఇంకొకళ్లు చెప్పాలి. కరపత్రాలు అచ్చేసి పంచుకునే కాలం అది, యుద్ధం మొదలవ్వకముందే కథల యుద్ధం మొదలైంది.

తర్వాత ఏమైందన్నది నాకు ఇంకా ఇష్టం. గాయపడిన స్లావాటాని పక్కనే ఉన్న లోబ్కోవిట్స్ వారి ఇంట్లోకి తీసుకెళ్లారు. ఇంటావిడ పోలిక్సేనా, ఊళ్లో అందరూ గౌరవించే మనిషి. తూర్న్ మనుషులు వెతుక్కుంటూ గుమ్మం దాకా వస్తే ఆమె లోపలికి రానివ్వలేదు. ఆయుధాలు పట్టుకున్న మగవాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఆ రోజు ప్రాగ్‌లో ధైర్యం ఎవరిదంటే నేను ఆమె పేరే చెప్తాను.

ఫాబ్రిసియస్‌కి అందరికన్నా తక్కువ దెబ్బలు తగిలాయి. లేచి నేరుగా వియన్నాకి బయల్దేరి చక్రవర్తికి కబురు చెప్పాడు. తర్వాత ఆయనకి ప్రభువు హోదా ఇచ్చారు, పేరు వెనక తగిలించిన బిరుదు "వాన్ హోహెన్‌ఫాల్". జర్మన్‌లో దానర్థం "ఎత్తునుంచి పడిన". ఆయన వంశానికి అదే ఇంటిపేరైపోయింది.

పడమటిగాలి

ఒక సంగతి కలపాలి. 1618ది మొదటిది కాదు. ప్రాగ్‌లో అప్పటికే ఇది జరిగి ఉంది, అక్కడివాళ్లకి అది గుర్తుంది కూడా.

1419 జులై 30న యాన్ జెలివ్‌స్కీ అనే మతబోధకుడు ఊరేగింపుతో కొత్త నగర సభా భవనం ముందుకి వచ్చాడు. వాళ్ల గురువు యాన్ హుస్‌ని 1415లో సజీవంగా కాల్చేశారు, ఆయన అనుచరులు కొందర్ని జైల్లో పెట్టారు, వాళ్లని వదలమని అడిగారు. పైనుంచి ఎవరో రాయి విసిరారని గొడవ మొదలైంది. జనం లోపలికి చొరబడి నగర పెద్దల్ని కిటికీల్లోంచి కిందికి తోశారు. వాళ్లకి వాలు గోడలూ లేవు, మెత్తటి నేలా లేదు, కింద ఈటెలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. ఎవరూ బతకలేదు. కొద్దివారాల్లో రాజు వెన్సెస్లాస్ చనిపోయాడు, హుస్ అనుచరులు చేసిన హుస్సైట్ యుద్ధాలు మొదలయ్యాయి.

1483లో మళ్లీ అలాంటిదే. అందుకే 1618ని కొందరు రెండోదంటారు, కొందరు మూడోదంటారు. ఎక్కడైనా అంకె తేడాగా కనిపిస్తే తికమక పడకండి.

1948 మార్చి 10 సంగతి వేరు. చెకోస్లొవాకియా విదేశాంగ మంత్రి యాన్ మసారిక్, ఆ దేశాన్ని స్థాపించిన తోమాష్ మసారిక్ కొడుకు, చెర్నిన్ భవనంలో తన స్నానాలగది కిటికీ కింద శవంగా దొరికాడు. కమ్యూనిస్టులు అధికారం పట్టుకుని అప్పటికి రెండు వారాలే. ఆత్మహత్య అని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత ఎన్నోసార్లు విచారణ తెరిచారు, తోశారా దూకాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. డిఫెనెస్ట్రేషన్ అన్న మాట విన్న చెక్ మనిషికి 1618 కన్నా ముందు ఇదే గుర్తొస్తుంది, ఎందుకంటే ఇది తాతల కాలంలో జరిగింది.

నల్లబల్ల

మన దగ్గర కూడా ఉంది కదా, అక్బర్ ఆధమ్ ఖాన్‌ని విసిరేయించింది. 1562 మే 16, ఆగ్రా కోట. అక్బర్‌కి పందొమ్మిదేళ్లు. తన దాది మాహమ్ అంగా కొడుకే ఆధమ్ ఖాన్, అంటే పాల వరసలో అన్న. వాడు ప్రధానమంత్రి అతగా ఖాన్‌ని కచేరీలోనే పొడిపించేశాడు. నిద్రలోంచి లేచి వచ్చిన అక్బర్ పిడికిలితో ఒక్కటి కొట్టి పడేసి, మేడమీంచి తలకిందులుగా విసిరేయమన్నాడు. మొదటిసారి ప్రాణం పోలేదు. మళ్లీ పైకి మోసుకొచ్చి రెండోసారి విసిరారు. ప్రాగ్ కన్నా 56 ఏళ్లు ముందు.

అక్షరపిచ్చి

సంఘటన గొప్పది, కానీ అది మేడమీంచి, కిటికీలోంచి కాదు. ఈ పదానికి కిటికీ తప్పనిసరి. కిటికీ సంగతి తీస్తే బైబిల్లో యెజెబెలు రాణి కచ్చితంగా సరిపోతుంది. ఆమె మీదికి దండెత్తి వచ్చిన యెహూ కిందినుంచి పైకి చూసి, నా పక్షాన ఎవరున్నారని అడిగితే, ఆమె దగ్గర పనిచేసేవాళ్లే ఆమెని కిటికీలోంచి పడేశారు. పదం పుట్టకముందే పని ఉంది.

జర్మన్లు దీన్ని "ఫెన్‌స్టర్‌స్టుర్ట్స్" అంటారు, కిటికీ పతనం అని. విచిత్రం ఏంటంటే అదే మాటకి వాళ్ల కట్టడం పనివాళ్ల దగ్గర ఇంకో అర్థం ఉంది, కిటికీ పైన అడ్డంగా వేసే లింటల్‌కి కూడా ఆ పేరే. ఇప్పుడు ఈ పదం రాజకీయాల్లో కూడా వాడుతున్నారు, నాయకుణ్ని సొంతవాళ్లే హఠాత్తుగా పదవిలోంచి దింపేస్తే డిఫెనెస్ట్రేట్ చేశారంటారు. కంప్యూటర్ల దగ్గర విండోస్ తీసేసి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడాన్ని కూడా సరదాగా అలాగే అంటారు.

తెలుగు పదం సంగతి ఎవరూ ఎత్తలేదు?

నల్లబల్ల

మేడ, కిటికీ తేడా పదానికి ముఖ్యం కావొచ్చు, పడినవాడికి కాదు. నేను దాన్ని ఈ జాబితాలోనే ఉంచుతాను.

తెలుగులో కిటికీతోపు అనొచ్చు. పొట్టిగా ఉంది, చదవగానే తెలుస్తుంది.

తాటాకు

తోపు అంటే మామిడితోపు గుర్తొస్తుందండీ, కిటికీల తోట అనుకుంటారు. నా ప్రతిపాదన గవాక్షపాతనం. గవాక్షపతనం కాదు, దీర్ఘం ముఖ్యం. పతనం అంటే తనంతట తాను పడటం, పాతనం అంటే ఇంకొకళ్లు పడేయడం. మసారిక్ దగ్గర తేలనిది సరిగ్గా ఈ దీర్ఘమే. పతనమా, పాతనమా? ఇంగ్లీషు పదంలో ఆ తేడా ఒక్క అక్షరంలో రాదు, దూకినవాడికి ముందు ఇంకో ముక్క తగిలించాలి.

గవాక్షం అన్న మాట కూడా ఒకసారి విప్పి చూడండి. గో, అక్షం. ఆవు కన్ను. పాతకాలపు గుండ్రటి కిటికీ రూపాన్ని బట్టి వచ్చింది. ఇంగ్లీషు విండో కూడా పాత నార్స్ భాషలో "గాలి కన్ను" అన్న మాటలోంచి వచ్చిందే. మనకి గాలిని బట్టి కూడా ఒక పదం ఉంది, వాతాయనం, గాలి వచ్చే దారి. ఎక్కడో ఉత్తరాన ఉన్నవాళ్లకీ మనకీ కిటికీని చూస్తే కన్నూ గాలే తట్టాయి.

అక్షరపిచ్చి

గవాక్షపాతనం. నాకు నచ్చింది. వ్యాసంలో రాసేటప్పుడు ఇదే వాడతాను, మొదటిసారి పక్కన వివరణ ఇస్తే చాలు.

శిఖరం

మే 23 అనగానే ఎంతసేపూ కిందికి పడినవాళ్ల గురించే మాట్లాడుకుంటున్నాం. పైకెక్కిన మనిషి గురించి చెప్పనివ్వండి. 1984 మే 23, మధ్యాహ్నం 1 గంట 7 నిమిషాలకి బచేంద్రి పాల్ ఎవరెస్ట్ మీద నిలబడింది. ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ, ప్రపంచంలో ఐదో మహిళ. మర్నాడు ఆమెకి ముప్పై నిండుతాయి.

దానికి వారం ముందు సంగతి చాలామందికి తెలీదు. మూడో శిబిరంలో అర్ధరాత్రి గుడారంలో నిద్రపోతుంటే మంచు చరియ విరిగి మీద పడింది. ఆమె తలకి వెనకవైపు గట్టి దెబ్బ. తోటివాళ్లు కత్తితో గుడారం చీల్చి మంచు తవ్వి బయటికి లాగారు. ఆ జట్టులో చాలామంది గాయాలతో కిందికి దిగిపోయారు. ఆమె దిగనంది. అంగ్ దోర్జీతో కలిసి పైకి వెళ్లింది, ఆయన ఆక్సిజన్ సిలిండర్ కూడా పెట్టుకోలేదు.

పైన ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడేంత చోటు కూడా లేదు, అన్ని వైపులా వేల మీటర్ల లోతు. ముందు మంచు గొడ్డలితో తవ్వి కాలికి పట్టు చూసుకుని, మోకాళ్లమీద కూర్చుని, సంచిలోంచి దుర్గమ్మ పటం, హనుమాన్ చాలీసా తీసి ఎర్రగుడ్డలో చుట్టి మంచులో పాతిపెట్టింది. ఆ తర్వాత అమ్మా నాన్నా గుర్తొచ్చారని ఆమే చెప్పింది. ఈ తేదీకి నాకు ఇంతకంటే పెద్ద సంఘటన అక్కర్లేదు.

వర్షిణి

శిఖరం గారూ, మంచి పని చేశారు. నాకు గుర్తొచ్చింది ఫ్రాన్స్ సైన్యాన్ని నడిపిన జోన్ ఆఫ్ ఆర్క్. 1430 మే 23న కాంపియేన్ కోట బయట, ఇంగ్లీషువాళ్లతో చేయి కలిపిన బర్గండీ సైనికులకి పట్టుబడింది. కోట వంతెన పైకి లేపేశారు, వెనక దళంలో ఉండి సైన్యాన్ని లోపలికి పంపిస్తున్న ఆమె బయటే ఉండిపోయింది. గుర్రం మీంచి లాగేశారు. ఏడాది మీద వారానికి, 1431 మే 30న, రువాన్‌లో కాల్చేశారు.

ఈ రెండిటి మధ్యలో ఒక సంగతి ఈ చర్చకి సరిగ్గా అతుకుతుంది. బోరెవ్వార్ కోటలో బందీగా ఉన్నప్పుడు ఆమె బురుజు మీంచి దూకేసింది. దాని ఎత్తు 60, 70 అడుగులని చెప్తారు, అంటే దాదాపు ప్రాగ్ కిటికీ ఎత్తే. ఎముకలు విరగలేదు, కొన్నాళ్లు తిండి తినలేకపోయింది, కోలుకుంది. విచారణలో ఇదే ప్రశ్న గుచ్చిగుచ్చి అడిగారు, చావడానికి దూకావా అని. ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కడం కన్నా ప్రాణాన్ని దేవుడికి అప్పగించడం మేలనుకున్నాననే అర్థంలో జవాబిచ్చింది. తాటాకు గారి లెక్కలో ఇది పతనమూ కాదు పాతనమూ కాదు, దూకడం.

ఇంకా ఆ తేదీన 1498లో ఫ్లోరెన్స్‌లో మతబోధకుడు సవొనరోలాని ఉరేసి కాల్చారు, 1701లో సముద్రపు దొంగగా పేరుపడ్డ కెప్టెన్ కిడ్‌ని లండన్‌లో ఉరితీశారు, 1707లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పుట్టాడు. కిడ్‌కి మొదటిసారి తాడు తెగిపోయింది, మళ్లీ కట్టి ఉరేశారు.

లెక్కల మాస్టారు

వర్షిణి గారూ, మీ సమాచారం బాగుంది, కానీ ఈ జాబితాలన్నీ ఒకే రోజు జరిగినవి కావు. ఇది ఒక్కసారి తేల్చుకోవాలి, ఎందుకంటే "ఈ రోజున" అని రాసే జాబితాల్లో నూటికి తొంభై ఇక్కడే తప్పుతాయి.

1582 అక్టోబర్‌లో పోప్ గ్రెగరీ పాత జూలియన్ క్యాలెండర్‌ని సవరించాడు. అక్టోబర్ 4 గురువారం తర్వాత 15 శుక్రవారం వచ్చింది. కేథలిక్ దేశాలు వెంటనే మారాయి, బొహీమియా 1584లో మారింది. ప్రొటెస్టెంట్ దేశాలు ఏళ్లతరబడి మారలేదు, ఇంగ్లండ్ 1752 దాకా. అంటే ఏం తేలింది? ప్రాగ్ మే 23 కొత్త క్యాలెండర్‌ది. కిడ్‌ని ఉరితీసిన మే 23 పాత క్యాలెండర్‌ది, అది మన లెక్కలో జూన్ 3. జోన్ పట్టుబడినదీ సవొనరోలా చనిపోయినదీ క్యాలెండర్ సవరణకి ముందే కాబట్టి అవీ పాత లెక్కే. 15వ శతాబ్దంలో తేడా తొమ్మిది రోజులు, ఇప్పటి లెక్కకి మారిస్తే రెండూ జూన్ 1.

లిన్నేయస్ దగ్గర ఇంకా తమాషా. ఆయన పుట్టినప్పుడు స్వీడన్‌లో రాసుకున్న తేదీ మే 13. దాన్ని కొత్త లెక్కకి మారిస్తే మే 23. అంటే ఒకే జాబితాలో లిన్నేయస్‌ది మార్చి రాస్తున్నారు, కిడ్‌ది మార్చకుండా రాస్తున్నారు. ఒకే పద్ధతి పాటిస్తే ఇద్దరిలో ఒకళ్లు మే 23 నుంచి వెళ్లిపోవాలి.

స్వీడన్ సంగతి చెప్పకుండా ఉండలేను. వాళ్లు ఒక్కసారిగా పది పదకొండు రోజులు వదిలేయడం ఇష్టంలేక, 1700 నుంచి నలభై ఏళ్లపాటు లీపు రోజులు మానేస్తూ నెమ్మదిగా కలుద్దామనుకున్నారు. 1700లో మానేశారు. 1704లో, 1708లో మానలేదు, యుద్ధంలో ఉన్నారు. దాంతో ప్రపంచంలో ఎవరితోనూ కలవని క్యాలెండర్ ఒకటి తయారైంది, జూలియన్‌కి ఒకరోజు ముందు, గ్రెగోరియన్‌కి పదిరోజులు వెనక. చివరికి విసిగి పాత జూలియన్‌కే వెళ్లిపోదామని 1712లో ఒకరోజు అదనంగా కలిపారు. ఆ ఏడాది స్వీడన్‌లో ఫిబ్రవరి 30 వచ్చింది. నిజంగా వచ్చింది. లిన్నేయస్‌కి అప్పటికి నాలుగేళ్లు.

నల్లబల్ల

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటాను, కానీ దానివల్ల ఏం మారుతుంది? జోన్‌ని పట్టుకున్నవాళ్లు ఆ రోజుని మే 23 అనే అన్నారు. ఆమె కూడా అలాగే అనుకుని ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఆమెని స్మరించుకునేది మే 30నే, జూన్ 8న కాదు. ఆ మనుషులు బతికిన తేదీని మనం ఎందుకు మార్చాలి? పంచాంగం ప్రకారం చేసుకునే పుట్టినరోజు ఒకటి, ఇంగ్లీషు తేదీ ఒకటి మనం రెండూ పెట్టుకుంటాం, ఏదీ అబద్ధం కాదు.

లెక్కల మాస్టారు

మార్చమనట్లేదు. ఏ లెక్కో రాయమంటున్నాను. "పాత లెక్క" అన్న రెండు మాటలు పక్కన పెడితే సరిపోతుంది. రాయకపోతే ఏమవుతుందో చూడండి, ఒక దేశంలో రాసిన ఉత్తరం ఇంకో దేశానికి రాయకముందే చేరినట్టు కనిపిస్తుంది. చరిత్ర చదివేవాళ్లకి ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అన్నదే అసలు ప్రాణం.

చరిత్రచదువరి

ఈ విషయంలో మాస్టారి పక్షమే నేను, పైగా ఆ కాలంవాళ్లే ఆ పని చేశారు. 1618లో కూడా ప్రాగ్‌లో మే 23 అయితే పక్కనున్న ప్రొటెస్టెంట్ జర్మన్ రాజ్యాల్లో అది మే 13. ఒకే సామ్రాజ్యం, రెండు తేదీలు. ఈ తేదీ తేడా కూడా మతం తగవులో భాగమే, పోప్ చెప్పిన క్యాలెండర్ మాకొద్దన్నారు. యుద్ధం ముగిసిన వెస్ట్‌ఫాలియా ఒప్పందాల మీద తేదీ ఎలా రాశారో తెలుసా, 14/24 అక్టోబర్ 1648. గీత గీసి రెండూ రాశారు. ముప్పై ఏళ్లు కొట్టుకున్నవాళ్లు సంతకం పెట్టేటప్పుడు రెండు క్యాలెండర్లకీ చోటిచ్చారు.

మధ్యలో జరిగింది టూకీగా చెప్తాను, ఎందుకంటే కిటికీ దగ్గర ఆగిపోతే దాని బరువు తెలీదు. తిరుగుబాటుదారులు ఫెర్డినాండ్‌ని కాదని 1619లో జర్మన్ రాజ్యం పాలటినేట్ పాలకుడు ఐదో ఫ్రెడరిక్‌ని రాజుగా తెచ్చుకున్నారు. 1620 నవంబర్ 8న ప్రాగ్ బయట తెల్లకొండ దగ్గర యుద్ధం జరిగింది, రెండు గంటల్లో అయిపోయింది, ఓడిపోయారు. ఫ్రెడరిక్ ఒక్క శీతాకాలమే రాజు, అందుకే ఆయనకి శీతాకాలపు రాజు అని పేరొచ్చింది. 1621 జూన్ 21న పాత నగర కూడలిలో 27 మంది నాయకులకి మరణశిక్ష అమలుచేశారు. పన్నెండుమంది తలలు చార్లెస్ వంతెన బురుజు మీద ఇనప కొక్కేలకి తగిలించి ఏళ్లతరబడి అలాగే ఉంచారు. 1609 పత్రం రద్దయింది. ప్రొటెస్టెంటు కుటుంబాలు మతం మారాలి లేదా దేశం వదలాలి. తూర్న్ మాత్రం తప్పించుకుపోయాడు. స్లావాటా 1652 దాకా బతికాడు, యుద్ధం మొదలవడమూ ముగియడమూ కూడా చూశాడు. లక్షలమంది పోయారు, ఎక్కువమంది కత్తికి కాదు, ఆకలికీ జబ్బులకీ.

పడమటిగాలి

అదే మే 23న, 1949లో, పశ్చిమ జర్మనీకి కొత్త మౌలిక చట్టం, అంటే రాజ్యాంగం, బాన్‌లో ప్రకటించారు. పార్లమెంటరీ కౌన్సిల్ అధ్యక్షుడు అడెనావర్ సంతకం చేశాడు. తేదీ కాకతాళీయమే. కానీ అందులో నాలుగో అధికరణం చదివితే, మత విశ్వాసానికీ మనస్సాక్షికీ ఉన్న స్వేచ్ఛని ఉల్లంఘించరాదు అని ఉంటుంది. బ్రౌమోవ్, హ్రోబ్ చర్చిల దగ్గర అడిగింది అదే. 1609లో రాజు దయతో ఇచ్చిన కాగితం కాబట్టి ఇంకో రాజు చింపేయగలిగాడు. 1949లో అది ప్రాథమిక హక్కుగా ముందే రాసుకున్నారు, ఆ మొదటి అధికరణాల తర్వాతే ప్రభుత్వం గురించి మొదలవుతుంది. ఈ రెండిటికీ ఒకే క్యాలెండర్, మాస్టారికి అభ్యంతరం ఉండదనుకుంటా.

లెక్కల మాస్టారు

లేదు, ఇది నిఖార్సైన మే 23. బచేంద్రి పాల్‌ది కూడా.

తేదీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కిటికీ సంఘటనకి ఎనిమిది రోజుల ముందు, 1618 మే 15న, ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కి తన మూడో నియమం తేలింది. గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే కాలపు వర్గం, దాని సగటు దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుందన్నది. మార్చి 8న ఒకసారి తట్టిందని, లెక్క కుదరక వదిలేశానని, మే 15న మళ్లీ పట్టుకున్నానని తేదీలతో సహా రాసుకున్నాడు. అప్పటికి ఆయన లింట్స్‌లో ఉన్నాడు గానీ, అంతకుముందు 1612 దాకా ప్రాగ్‌లోనే, ఆ 1609 పత్రం ఇచ్చిన రుడాల్ఫ్ దగ్గరే ఆస్థాన గణితజ్ఞుడు. ఈ నియమం ఉన్న పుస్తకం 1619లో అచ్చయింది, ఇంగ్లండ్ రాజు జేమ్స్‌కి అంకితమిచ్చాడు. ఆ జేమ్స్ అల్లుడే శీతాకాలపు రాజు ఫ్రెడరిక్.

వర్షిణి

మాస్టారూ, కెప్లర్ తేదీ ఏ లెక్క?

లెక్కల మాస్టారు

కొత్త లెక్కే. ఆయన ప్రొటెస్టెంట్ అయినా గ్రెగోరియన్ క్యాలెండర్‌ని సమర్థించాడు, లెక్క సరిగ్గా ఉందని. అందుకే ఎనిమిది రోజులు అని ధైర్యంగా చెప్తున్నాను.

అక్షరపిచ్చి

అయితే రేపటి పదం కుదిరిపోయింది. 1543 మే 24న కోపర్నికస్ చనిపోయాడు, అది పాత లెక్క, రాసేస్తున్నాను మాస్టారూ. పదం రివల్యూషన్. ఆయన పుస్తకం పేరులో ఆ మాటకి అర్థం గ్రహాలు చుట్టూ తిరిగి రావడం, మనం అనుకునే విప్లవం కాదు. తాటాకు గారూ, పరిభ్రమణం, విప్లవం రెండూ ఒక్క మాటలోంచి ఎలా వచ్చాయో మీరు మొదలుపెట్టండి.